ఫోన్ ఒక నెట్‌వర్క్‌లో, క్రోమ్‌కాస్ట్ ఇంకో నెట్‌వర్క్‌లో: కాస్ట్ ఐకాన్ ఎందుకు మాయమవుతుంది, ఎలా రప్పించాలి

ఖమ్మంలో మా ఇంట్లో క్రోమ్‌కాస్ట్ పనిచేయడం మానేసి మూడు వారాలైందన్న సంగతి నాకు ఒక వీడియో కాల్‌లో తెలిసింది. మాట్లాడుతున్నది నాన్నతో. వెనకాల డైనింగ్ టేబుల్ దగ్గర అమ్మ స్టీల్ డబ్బాకి తన ఫోన్ ఆనించుకుని, కళ్లజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ, అమెరికాలో ఉన్న మా అక్క కూతురి డ్యాన్స్ వీడియో చూస్తోంది. ఆ డబ్బాకి నాలుగడుగుల దూరంలోనే 43 అంగుళాల టీవీ ఆఫ్ చేసి ఉంది.

"టీవీలో పెట్టుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

"ఆ గుర్తు రావట్లేదురా. నువ్వు దసరాకి వచ్చి వెళ్లినప్పటి నుంచీ రావట్లేదు. నీకు ఆఫీసు పనులుంటాయిలే అని చెప్పలేదు."

'నువ్వు వచ్చి వెళ్లినప్పటి నుంచీ' అన్న ముక్క దగ్గర నాకు మొత్తం అర్థమైపోయింది. చెడగొట్టింది నేనే.

దసరాకి వెళ్లినప్పుడు ఇంటి నెట్‌వర్క్‌ని 'సెక్యూర్' చేసి వచ్చాను. గేటు దగ్గర ఆన్‌లైన్ సేల్‌లో కొన్న చవక కెమెరా ఒకటి, స్మార్ట్ బల్బులు రెండు, హాల్లో 2018 మోడల్ క్రోమ్‌కాస్ట్ ఉన్నాయి. ఇలాంటి వస్తువులు ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ ఉన్న నెట్‌వర్క్‌లో ఉండకూడదని మనమందరం చదివిందే కదా. అందుకే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన రౌటర్ పెట్టి రెండు వీల్యాన్‌లు చేశాను. ఇంట్లో వాళ్ల ఫోన్లు 192.168.10 సబ్‌నెట్‌లో, ఈ వస్తువులన్నీ 192.168.20 సబ్‌నెట్‌లో. పది నుంచి ఇరవైకి వెళ్లొచ్చు, ఇరవై నుంచి పదికి ఎవరూ తమంతట తాము రాకూడదు. రూల్ రాసి, టీవీలో క్రోమ్‌కాస్ట్ వాల్‌పేపర్ ఫోటోలు మారుతున్నాయా లేదా చూసి, నెట్ వస్తోంది కదా అని హైదరాబాద్ బస్సెక్కేశాను. అమ్మ ఫోన్ నుంచి ఒక్కసారి కూడా కాస్ట్ చేసి చూడలేదు. ఆ మోడల్‌కి వేరే రిమోట్ ఉండదు. ఫోనే రిమోట్. అంటే అమ్మకి రిమోట్ లేకుండా చేసి వచ్చానన్నమాట.

ఆ రాత్రి ఫోన్‌లోనే చెప్పి, అమ్మ ఫోన్‌ని రెండో వైఫైకి మార్పించాను. ఐకాన్ వెంటనే వచ్చింది. అంటే క్రోమ్‌కాస్ట్ బానే ఉంది, ఫోన్ బానే ఉంది, మధ్యలో గోడ నాది. ఆ శనివారం మళ్లీ బస్సెక్కాను. అక్కడ తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే సమస్య వీల్యాన్ అన్న మాట కూడా వినని ఇళ్లలో చాలా ఎక్కువగా ఉంది. ఎలాగో కింద చెప్తాను.

పింగ్ వెళ్తుంది, ఐకాన్ రాదు

ఇంటికెళ్లి చేసిన మొదటి పని, నా ల్యాప్‌టాప్‌ని పది నెట్‌వర్క్‌లో ఉంచి, ఇరవైలో ఉన్న క్రోమ్‌కాస్ట్ ఐపీకి పింగ్ చేయడం. చక్కగా జవాబొచ్చింది. దారి ఉంది. కానీ క్రోమ్ బ్రౌజర్‌లో కాస్ట్ నొక్కితే 'డివైజ్‌లు ఏవీ లేవు' అంటుంది. చాలామంది ఇక్కడే తికమకపడి, ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి, అయినా రాక, క్రోమ్‌కాస్ట్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు. రీసెట్ వల్ల ఏమీ కాదు, దయచేసి చేయకండి.

విషయం ఏంటంటే, కాస్ట్ చేయడం అనేది ఒక పని కాదు, రెండు పనులు. మొదటిది వెతకడం, రెండోది మాట్లాడటం. రెండింటికీ దారులు వేరు.

ఫోన్‌కి క్రోమ్‌కాస్ట్ ఐపీ అడ్రస్ ముందుగా తెలియదు. అందుకని నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా ఒక కేక వేస్తుంది: 'ఇక్కడ గూగుల్ కాస్ట్ సర్వీస్ ఎవరి దగ్గరైనా ఉందా?' ఈ కేక వేసే పద్ధతి పేరు మల్టీకాస్ట్ డీఎన్ఎస్, పొట్టిగా ఎండీఎన్ఎస్. అది 224.0.0.251 అనే అడ్రస్‌కి, యూడీపీ పోర్ట్ 5353 మీద వెళ్తుంది. విన్న క్రోమ్‌కాస్ట్ 'నేనున్నాను, నా పేరు హాల్ టీవీ, నా ఐపీ ఇది, పోర్ట్ 8009' అని బదులిస్తుంది. ఆ బదులు అందితేనే మీ యాప్‌లో ఐకాన్ కనిపిస్తుంది.

ఐకాన్ నొక్కాక రెండో పని మొదలవుతుంది. ఫోన్ నేరుగా ఆ ఐపీకి, టీసీపీ పోర్ట్ 8009 మీద ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ పెట్టుకుని 'యూట్యూబ్ తెరువు, ఫలానా వీడియో వెయ్యి' అని చెప్తుంది. ఆ తర్వాత వీడియోని ఇంటర్నెట్ నుంచి లాక్కునేది క్రోమ్‌కాస్టే. ఫోన్ స్విచాఫ్ చేసినా పాట ఆగకపోవడానికి కారణం అదే.

రెండో పనిని రౌటర్ చేయనిస్తుంది. అడ్రస్ రాసిన ఉత్తరం లాంటిది, ఒక సబ్‌నెట్ నుంచి ఇంకో సబ్‌నెట్‌కి చేర్చడమే రౌటర్ ఉద్యోగం. మొదటి పని అలా కాదు. అది ఊళ్లో వేసే దండోరా. పాతకాలంలో డప్పు కొట్టి చాటితే ఆ ఊరి వాళ్లందరికీ తెలిసేది. పక్క ఊరికి? పొలిమేర దాటితే వినపడదు. పక్క ఊరికి రోడ్డు ఎంత బాగున్నా సరే, పోస్ట్‌మ్యాన్ రోజూ వెళ్తున్నా సరే, దండోరా మాత్రం అక్కడికి పోదు. నా పింగ్ ఉత్తరం, కాబట్టి చేరింది. కాస్ట్ ఐకాన్ దండోరా, కాబట్టి చేరలేదు.

కొంతమంది ఇది టీటీఎల్ వల్ల అనుకుంటారు. ప్యాకెట్ మీద టీటీఎల్ 1 ఉంటుంది, రౌటర్ దగ్గర సున్నా అయి చచ్చిపోతుంది అని. నేనూ అదే అనుకున్నాను. ప్యాకెట్ పట్టి చూస్తే టీటీఎల్ 255 ఉంది! ఎండీఎన్ఎస్ స్టాండర్డే 255 పెట్టమంటుంది. ఆపేది టీటీఎల్ కాదు, అడ్రస్. 224.0.0తో మొదలయ్యే మల్టీకాస్ట్ అడ్రస్‌లన్నీ 'ఈ లింక్ వరకే' అని రిజర్వ్ చేసినవి. టీటీఎల్ ఎంతున్నా రౌటర్ వాటిని అవతలికి పంపకూడదు. కాబట్టి టీటీఎల్ పెంచే ట్రిక్కులు ఎక్కడైనా కనిపిస్తే వాటి మీద టైమ్ వేస్ట్ చేయకండి.

ఇదేదో గూగుల్ మనల్ని ఏడిపించడానికి చేసింది కాదు. ఈ పద్ధతి ఆపిల్ దగ్గర పుట్టింది. 2002లో రాండెవూ అనే పేరుతో వచ్చి, తర్వాత బోంజూర్ అయింది. 2013 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 6762గా స్టాండర్డ్ అయింది. ఇంట్లో డీఎన్ఎస్ సర్వర్ నడిపేవాళ్లు ఎవరుంటారు, ప్రింటర్ తనంతట తానే కనపడాలి అన్నది ఐడియా. ఒక ఇంటికి ఒకే నెట్‌వర్క్ ఉన్నంతకాలం అది అద్భుతంగా పనిచేసింది. ఇంట్లోనే మూడు నెట్‌వర్క్‌లు పెట్టుకునే పిచ్చి మనకి తర్వాత పట్టింది.

మీకు నిజంగా రెండు సబ్‌నెట్‌లు కావాలా?

ఇందాక చెప్తానన్నది ఇదే. వీల్యాన్ చేయని ఇళ్లలో కూడా రెండు సబ్‌నెట్‌లు ఉంటాయి, ఇంట్లో వాళ్లకి తెలియకుండానే.

సీన్ మీకు తెలిసిందే. ఫైబర్ కనెక్షన్ తీసుకున్నప్పుడు కంపెనీ వాళ్లు హాల్లో ఒక డబ్బా బిగించి వెళ్తారు, అందులోనే వైఫై ఉంటుంది. పై అంతస్తులో సిగ్నల్ రాదు. ఆన్‌లైన్‌లో ఒక మంచి రౌటర్ కొని, హాల్ డబ్బా నుంచి కేబుల్ లాగి, కొత్త రౌటర్ వ్యాన్ పోర్ట్‌లో గుచ్చుతాం. నెట్ సూపర్‌గా వస్తుంది. కానీ కొత్త రౌటర్ తన వెనకాల సొంతంగా ఇంకో సబ్‌నెట్ మొదలుపెట్టింది. హాల్లో టీవీ కింది నెట్‌వర్క్‌లో, మీ ఫోన్ పై నెట్‌వర్క్‌లో. దీన్నే డబుల్ న్యాట్ అంటారు. ఆన్‌లైన్ గేమ్స్‌లో న్యాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తుంటే కూడా ముందు అనుమానించాల్సింది దీన్నే.

చెక్ చేయడం ఒక్క నిమిషం పని. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి ఐపీ అడ్రస్ చూడండి. గూగుల్ హోమ్ యాప్‌లో క్రోమ్‌కాస్ట్ సెట్టింగ్స్‌లో దాని ఐపీ చూడండి. అసలు సమస్యే అది కనపడకపోవడం కదా, కనుక ఫోన్‌ని ముందు టీవీ ఉన్న వైఫైకి మార్చి చూడాలి. మామూలు ఇళ్లలో మొదటి మూడు అంకెలు ఒకటే అయితే ఒకే సబ్‌నెట్. ఒకటి 192.168.1.35, ఇంకోటి 192.168.0.12 అని ఉంటే మీకు రెండు ఊళ్లున్నాయి.

ఇలా పొరపాటున ఏర్పడిన రెండో సబ్‌నెట్‌కి మందు రిఫ్లెక్టర్లు, ఫైర్‌వాల్ రూల్స్ కాదు. దాన్ని తీసేయడమే. కొత్త రౌటర్ సెట్టింగ్స్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటుంది, మెష్ సిస్టమ్‌లలో దాన్ని 'బ్రిడ్జ్ మోడ్' అంటారు. అది పెట్టి రీస్టార్ట్ చేస్తే రెండో రౌటర్ ఐపీలు ఇవ్వడం మానేసి కేవలం వైఫై ఇస్తుంది. అందరూ హాల్ డబ్బా సబ్‌నెట్‌లోకే వస్తారు. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే చేత్తో చేయాలి. ముందు దాని ల్యాన్ ఐపీని హాల్ డబ్బా వరుసలోకి మార్చండి, ఉదాహరణకి డబ్బా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. డబ్బా ఇచ్చే డీహెచ్‌సీపీ వరుసలో ఆ నంబర్ లేకుండా చూసుకోండి. తర్వాత దీనిలో డీహెచ్‌సీపీ ఆపండి. చివరగా కేబుల్‌ని వ్యాన్ పోర్ట్ నుంచి తీసి ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి. ఈ వరుస తప్పితే రౌటర్ పేజీ మళ్లీ తెరుచుకోక అవస్థ పడతారు. నేను కాలేజీ రోజుల్లో పడ్డాను.

యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే ఆ రౌటర్‌లోని పేరెంటల్ కంట్రోల్, స్పీడ్ లిమిట్ లాంటివి చాలా వరకు పోతాయి. అవి కావాలంటే తిరగేయండి: హాల్ డబ్బా వైఫై ఆపేసి, అన్నీ కొత్త రౌటర్ కిందకే మార్చండి. ఏదైనా సరే, ఒకే ఊరు ఉండాలి.

సబ్‌నెట్ ఒకటే అయినా ఐకాన్ రాకపోతే వేరే అనుమానితులున్నారు. టీవీ గానీ ఫోన్ గానీ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్‌లో సాధారణంగా ఒకరికొకరు కనపడకుండా 'ఏపీ ఐసొలేషన్' ఆన్‌లో ఉంటుంది. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా కొన్నిసార్లు ఇదే తంటా. ఐఫోన్ అయితే ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కీ 'లోకల్ నెట్‌వర్క్' పర్మిషన్ విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు అలవాటుగా 'వద్దు' నొక్కినవాళ్లు నాకే ముగ్గురు తెలుసు.

కావాలనే విడగొట్టినవాళ్లకి: పొలిమేర మీద ఒక మనిషి

నాలాగా తెలిసి తెలిసి విడగొట్టుకున్నవాళ్లకి అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. రెండు ఊళ్లూ ఉండాలి, దండోరా మాత్రం రెండు చోట్లా వినపడాలి. దానికి పొలిమేర మీద ఒక మనిషిని నిలబెట్టాలి. ఇటు విన్నది అటు, అటు విన్నది ఇటు, తన గొంతుతో మళ్లీ చాటేవాడు. ఆ మనిషి పేరు ఎండీఎన్ఎస్ రిఫ్లెక్టర్, కొన్నిచోట్ల రిపీటర్ అంటారు. 'తన గొంతుతో' అన్నది ముఖ్యం. రౌటర్ ప్యాకెట్‌ని ఫార్వర్డ్ చేయడం లేదు, ఒక సబ్‌నెట్‌లో విని, రెండో సబ్‌నెట్‌లో తన ఐపీ నుంచి కొత్తగా పంపుతోంది. అందుకే లింక్ దాటకూడదన్న రూల్ చెడదు, క్రోమ్‌కాస్ట్ కూడా పక్కింటి వాడు అడిగినట్టే జవాబిస్తుంది. ఆ జవాబులో ఉండేది క్రోమ్‌కాస్ట్ అసలు ఐపీయే కాబట్టి, తర్వాతి ఉత్తరం మామూలు దారిలో వెళ్లిపోతుంది.

యూనిఫై వాడేవాళ్లకి ఇది సెట్టింగ్స్‌లో ఒక స్విచ్. పీఎఫ్‌సెన్స్‌లో అవాహి అనే ప్యాకేజీ వేసుకోవాలి. మైక్రోటిక్ వాళ్లకి రౌటర్‌ఓఎస్ 7 కొత్త వెర్షన్లలో రిపీటర్ సదుపాయం వచ్చింది. నాది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కాబట్టి అవాహి డెమన్ ప్యాకేజీ వేశాను. దాని కాన్ఫిగ్ ఫైల్‌లో మార్చాల్సినవి రెండే లైన్లు. రిఫ్లెక్టర్ అనే సెక్షన్‌లో 'ఎనేబుల్ రిఫ్లెక్టర్' అన్నదానికి 'ఎస్' పెట్టాలి. సర్వర్ సెక్షన్‌లో 'అలౌ ఇంటర్‌ఫేసెస్' అన్న చోట మీ రెండు ఇంటర్‌ఫేస్‌ల పేర్లు మాత్రమే రాయాలి. ఈ రెండో లైన్ మర్చిపోకండి. లేదంటే మీ ఇంటి దండోరా నెట్ కంపెనీ వైపు కూడా వినపడుతుంది. మీ ఇంట్లో ఏయే డివైజ్‌లున్నాయో, వాటి పేర్లేంటో వీధికి చాటాల్సిన అవసరం లేదు కదా.

రౌటర్‌లో ఇవేవీ లేకపోతే, మూలన పడున్న రాస్ప్‌బెర్రీ పై చాలు. దాని కేబుల్‌ని ఒక నెట్‌వర్క్‌లో పెట్టి, వైఫైని రెండో నెట్‌వర్క్‌కి కనెక్ట్ చేసి, అదే అవాహిని అందులో నడపొచ్చు. కాకపోతే ఉత్తరాలకి దారి మాత్రం రౌటరే ఇవ్వాలి, పై చేసేది చాటింపు మాత్రమే. ఇంకో జాగ్రత్త: అవే రెండు సబ్‌నెట్‌ల మధ్య ఇద్దరు రిఫ్లెక్టర్లని పెట్టకండి. ఒకడు చాటింది రెండోవాడు విని మళ్లీ చాటి, అది మొదటివాడు విని... నెట్‌వర్క్ అరుపులతో నిండిపోతుంది.

సరే, అవాహి వేశాను, రీస్టార్ట్ చేశాను, ఐకాన్ రాలేదు! వంటింట్లోంచి అమ్మ "అయిందా?" అని రెండోసారి అడిగింది. అప్పటికి గంటన్నర అయింది. నేను కాన్ఫిగ్ ఫైల్‌ని పదోసారి చదువుతున్నాను.

తప్పు ఫైల్‌లో లేదు, ఫైర్‌వాల్‌లో ఉంది. చాలామంది ఇరుక్కునే చోటు ఇదే కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. ఫైర్‌వాల్ రూల్స్ అనగానే మనం 'ఇరవై నుంచి పదికి' అని రెండు జోన్ల మధ్యే ఆలోచిస్తాం. కానీ క్రోమ్‌కాస్ట్ జవాబు పది నెట్‌వర్క్‌కి వెళ్లట్లేదు. అది రౌటర్‌కే వస్తోంది, ఎందుకంటే వినేవాడు రౌటర్‌లోనే కూర్చున్నాడు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో గెస్ట్, ఐఓటీ జోన్‌లకి 'ఇన్‌పుట్'ని రిజెక్ట్‌లో పెట్టమనే అందరూ చెప్తారు, అంటే ఆ జోన్ వాళ్లు రౌటర్‌తో మాట్లాడకూడదు. డీహెచ్‌సీపీకీ డీఎన్ఎస్‌కీ మాత్రం మినహాయింపు రూల్స్ రాస్తాం. ఎండీఎన్ఎస్‌కి ఎవరూ రాయరు. పొలిమేర మీద మనిషిని పెట్టి, ఒక చెవిలో దూది కుక్కినట్టు చేశాను.

కాబట్టి ఇంకో రూల్: సోర్స్ జోన్ ఐఓటీ, డెస్టినేషన్ 'ఈ డివైజ్', ప్రోటోకాల్ యూడీపీ, పోర్ట్ 5353, అడ్రస్ 224.0.0.251, యాక్సెప్ట్. సేవ్ చేసి ల్యాప్‌టాప్‌లో అవాహి బ్రౌజ్ కమాండ్ నడిపితే గూగుల్ కాస్ట్ వరుసలో 'హాల్ టీవీ' అని కనిపించింది. కమాండ్ లైన్ ఇష్టం లేనివాళ్లు ఫోన్‌లో బోంజూర్ సర్వీసులని చూపించే యాప్ ఏదైనా వేసుకుని ఇదే చెక్ చేయొచ్చు. ఐకాన్ కోసం యూట్యూబ్ యాప్‌ని పదేపదే మూసి తెరవడం కంటే ఇది చాలా నయం, దండోరా చేరుతోందా లేదా అన్నది సూటిగా తెలుస్తుంది.

ఇక పది నుంచి ఇరవైకి దారి మీరు పూర్తిగా మూసేసి ఉంటే, టీసీపీ 8008, 8009 పోర్ట్‌లు క్రోమ్‌కాస్ట్ ఐపీకి తెరవాలి. దానికోసం క్రోమ్‌కాస్ట్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా డీహెచ్‌సీపీలో రిజర్వ్ చేసుకోండి. నాకు ఆ దారి ముందే తెరిచి ఉంది కాబట్టి, ఐకాన్ రాగానే యూట్యూబ్ టీవీలో మొదలైంది. అమ్మ వచ్చి సోఫాలో కూర్చుంది.

దారి తిరగబడే చోటు

యూట్యూబ్ వచ్చింది, గూగుల్ ఫోటోస్ వచ్చింది. అయిపోయిందనుకున్నాను. అమ్మ "చిన్నదాని వీడియో పెట్టు" అంది. అది అక్క వాట్సాప్‌లో పంపింది, అమ్మ ఫోన్ మెమరీలో ఉంది. దాన్ని టీవీలో చూపించే యాప్‌తో కాస్ట్ చేస్తే టీవీలో గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం బుర్ర పెట్టాలి. వీడియోని లాక్కునేది క్రోమ్‌కాస్టే అని పైన చెప్పాను కదా. యూట్యూబ్ వీడియో అయితే ఇంటర్నెట్ నుంచి లాక్కుంటుంది, దానికి అడ్డు లేదు. ఫోన్‌లో ఉన్న ఫైల్ అయితే? యాప్ మీ ఫోన్‌లోనే ఒక చిన్న వెబ్ సర్వర్ నడిపి, దాని అడ్రస్ క్రోమ్‌కాస్ట్‌కి ఇస్తుంది. 'వచ్చి తీసుకో' అంటుంది. అప్పుడు క్రోమ్‌కాస్ట్ ఇరవై నుంచి పదికి కొత్త కనెక్షన్ మొదలుపెట్టాలి. ఏది జరగకూడదని నేను అంత కష్టపడి రూల్ రాశానో, సరిగ్గా అదే. స్క్రీన్ మిర్రరింగ్ కథ కూడా ఇలాంటిదే, దానికి యూడీపీలో పై వరుస పోర్ట్‌లు చాలా కావాలి.

దీనికి రూల్ రాయొచ్చు. క్రోమ్‌కాస్ట్ ఐపీ నుంచి అమ్మ ఫోన్ ఐపీకి మాత్రం అనుమతి. దానికి అమ్మ ఫోన్‌కి ఐపీ రిజర్వ్ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కో వైఫైకి ఒక్కో ర్యాండమ్ మ్యాక్ అడ్రస్ చూపిస్తుంది, అది మారకుండా ఆ వైఫై సెట్టింగ్స్‌లో 'డివైజ్ మ్యాక్' పెట్టాలి. తర్వాత నాన్న ఫోన్‌కి ఇంకో రూల్. అక్క వాళ్లు సెలవులకి వస్తే ఇంకో రెండు. కొత్త ఫోన్ కొంటే మళ్లీ మొదటి నుంచి. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఈ రూల్స్ ఎవరు చూస్తారు?

సోఫాలో ఆగిపోయిన ఆ గుండ్రం ముందు కూర్చుని నన్ను నేను అడిగిన ప్రశ్న: అసలు ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నాను? గేటు దగ్గర కెమెరాకి కంపెనీ పేరు కూడా సరిగ్గా లేదు, కొన్నప్పటి నుంచి ఒక్క అప్‌డేట్ రాలేదు. దాన్ని విడిగా పెట్టాల్సిందే. బల్బులు కూడా అంతే. క్రోమ్‌కాస్ట్ అలాంటిది కాదు. దాన్ని ఆ వరుసలో నిలబెట్టింది నా బద్ధకం, 'స్మార్ట్ వస్తువులన్నీ ఒక గంపలో' అన్న లెక్క.

క్రోమ్‌కాస్ట్‌ని పది నెట్‌వర్క్‌లోకి మార్చేశాను. ఖమ్మం రౌటర్‌లో అవాహి కూడా తీసేశాను, అక్కడ దాని అవసరమే లేకుండా పోయింది. కెమెరా, బల్బులు ఇరవైలోనే ఉన్నాయి. అమ్మ కోసం రాసిన రూల్స్ సంఖ్య ఇప్పుడు సున్నా. మీ అమ్మానాన్నల ఇంట్లో చేసేవాళ్లకి నా సలహా ఇదే: మీరు లేనప్పుడు చెడిపోతే బాగుచేసేవాళ్లు లేని సెటప్ అక్కడ పెట్టకండి. రిఫ్లెక్టర్ సెటప్ మాత్రం నా హైదరాబాద్ ఫ్లాట్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. అక్కడ చెడిపోతే తిట్టుకునేది నేనొక్కడినే.

మిగతా డివైజ్‌ల సంగతి

ఎయిర్‌ప్లే కూడా వెతకడానికి ఎండీఎన్ఎస్‌నే వాడుతుంది, కాబట్టి అదే రిఫ్లెక్టర్‌తో ఆపిల్ టీవీ కనపడుతుంది. చాలా వైఫై ప్రింటర్లూ అంతే.

డీఎల్ఎన్ఏ వేరే. స్మార్ట్ టీవీలో 'మీడియా సర్వర్' అని కనిపించేదంతా ఎస్ఎస్‌డీపీ అనే ఇంకో దండోరా మీద నడుస్తుంది. దాని అడ్రస్ 239.255.255.250, పోర్ట్ 1900. అవాహి దీన్ని ముట్టుకోదు. దీనికి విడిగా యూడీపీ రిలే టూల్ ఒకటి కావాలి. నిజం చెప్పాలంటే అంత కష్టం అనవసరం. టీవీలో జెల్లీఫిన్ గానీ ప్లెక్స్ గానీ వేసుకోండి. జెల్లీఫిన్ యాప్‌లో సర్వర్ అడ్రస్ చేత్తో కొట్టొచ్చు, డిఫాల్ట్ పోర్ట్ 8096. అడ్రస్ చేతిలో ఉన్నాక దండోరాతో పని లేదు. టీవీ నుంచి సర్వర్‌కి ఆ ఒక్క పోర్ట్ తెరిస్తే చాలు. మామూలు యాప్‌లలో క్రోమ్‌కాస్ట్‌కి కూడా ఇలా ఐపీ కొట్టే చోటు ఇచ్చి ఉంటే ఈ ఆర్టికల్ సగం ఉండేది కాదు.

అర్జెంటుగా, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా యూట్యూబ్ మాత్రం కావాలంటే, స్మార్ట్ టీవీ యూట్యూబ్ యాప్ సెట్టింగ్స్‌లో 'టీవీ కోడ్‌తో లింక్' ఉంటుంది. ఆ కోడ్ ఫోన్‌లో కొడితే ఇద్దరూ ఇంటర్నెట్ ద్వారా కలుస్తారు. ఫోన్ మొబైల్ డేటాలో ఉన్నా పనిచేస్తుంది. హాస్టల్ వైఫైలో ఐసొలేషన్‌తో తంటాలు పడేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ఖమ్మంలో ఇప్పుడు కొత్త కంప్లైంట్ ఒకటి వచ్చింది. అమ్మ టీవీలో ఏదైనా పెట్టగానే, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారు కాబట్టి, నాన్న ఫోన్‌లో కూడా 'హాల్ టీవీలో ప్లే అవుతోంది' అని పాజ్ బటన్‌తో నోటిఫికేషన్ వస్తోంది. ఆయన దాన్ని తీసేద్దామని వేలు పెడితే అమ్మ చూస్తున్నది ఆగిపోతోంది. రెండు రోజులు ఇద్దరూ నెట్‌నే తిట్టుకున్నారట. గూగుల్ హోమ్ యాప్‌లో ఆ క్రోమ్‌కాస్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే, వేరేవాళ్లు కాస్ట్‌ని కంట్రోల్ చేయొచ్చా లేదా అన్న స్విచ్ ఉంటుంది. నిన్న ఫోన్‌లోనే చెప్పి ఆపించాను. ఈసారి అమ్మ మూడు వారాలు ఆగలేదు, రెండో రోజే ఫోన్ చేసింది.